రెండు స్పీకర్ల మోత

సైదావలికి సినిమాలో కథతో పనిలేదు, బాంబు పేలితే చాలు. పిడుగురాళ్ల అవతల సున్నపురాయి క్వారీలో వయసంతా మందు కూరి రాళ్లు పేల్చిన మనిషి. పని మానేశాక టీవీకి రెండు స్పీకర్లు తగిలించుకున్నాడు. "ఏందిది, తాటాకు టపాకాయల్లే!" అని రోజూ వాటిని తిడతాడు. నాపరాళ్ల అరుగు మీద పెడతాడు, బియ్యం డ్రమ్ము పక్కకు మారుస్తాడు, బాస్ నాబ్ తిప్పి, పగుళ్లిచ్చిన అరచేతిని గోడకు ఆనించి అదురు చూస్తాడు. తన చెవులు సగం పోయాయని మాత్రం ఒప్పుకోడు, తప్పంతా స్పీకర్లదే.

నిన్న మధ్యాహ్నం రెండింటినీ గది మూలలకు నెట్టి, రోజూ చూసే సినిమానే పెట్టాడు. పేలుడు ఘట్టం దగ్గరపడగానే పాత అలవాటు కొద్దీ నోట్లో వేళ్లు పెట్టి ఈల వేశాడు. క్వారీలో జనాన్ని దూరం పంపే ఈల అది. ఆ వెంటనే ఇల్లు దద్దరిల్లింది. అటక మీద గిన్నెలు గలగలలాడాయి. వంటింట్లో రొట్టెల పిండి కలుపుతున్న అతని భార్య ముంతాజ్ ఆ చేతులతోనే వీధి గుమ్మంలోకి పరుగెత్తి, క్వారీ దారి వైపు చూస్తూ నిలబడిపోయింది.

"బాస్ వచ్చిందే! ఎట్టుంది?" అని వెనకనుంచి అరిచాడు.

ఆమె మెల్లగా ఇటు తిరిగింది. "ఈ మోత విన్నప్పుడల్లా నువ్వు ప్రాణాలతో వస్తావో రావోనని ఈడే నిలబడ్డా. ఇప్పుడు దాన్ని ఇంట్లోకి కూడా తెచ్చావా?"

సన్నని గొంతులు అతని చెవులకు అందడం మానేసి చాన్నాళ్లయింది. ఆమె పెదవులు కదలడం చూసి, బాగుందంటోందనుకుని, బాస్ ఇంకాస్త పెంచాడు.