బావ పడవ మోటారుకు నేను పెట్టిన వెల్డింగు

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. మా వీధిలో చినుకు పడితే నా నోట్లో వాగు పొర్లుతుంది. కాబట్టి ఇందులో సగం తీసేసి చదువుకోండి. ఏది కల్పించానో చివర్లో నేనే చెప్తాను. ఎంత తీసేసినా సరే, ఒక పడవ మోటారు చావు మాత్రం మిగులుతుంది. గుండె దిటవు చేసుకోండి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మార్కాపురంలో వెల్డింగ్ షాపు. గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసేవాణ్ని. నేను అతికిన గేటు భూకంపం వచ్చినా ఊడదని చెప్పుకునేవాణ్ని. భూకంపం రాలేదు కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు.

మా అక్క మొగుడు ఏసోబు బావ కంభం చెరువులో చేపలు పట్టేవాడు. భుజం దెబ్బతిని తెడ్డు వేయలేక, సముద్రం ఒడ్డు నుంచి ఒక పాత పడవ మోటారు తెచ్చుకున్నాడు. అది మొదటిసారి మోగిన రోజు గట్టు మీద మేస్తున్న గొర్రెలు గిద్దలూరు దాకా పరిగెత్తాయి.

ఒకరోజు నీళ్లలో బండ తగిలి, పడవను నెట్టే ఫ్యాను బిగించే అల్యూమినియం పెట్టె పగిలింది. బొటనవేలంత పగులు. సోమవారం నుంచి వేట. మోటారు లేకపోతే బావ గట్టు మీద కూర్చుని ఇంకొకరి చేపలకు దిష్టి పెట్టాల్సిందే. పాపం, నా రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు తప్ప నాకు దిక్కు లేదు బామ్మర్దీ" అన్నాడు.

గిన్నెలకు మాట్లు వేసే మస్తాన్ మామది పక్క దుకాణం. పెట్టె చూసి లేచి వచ్చాడు.

"ఏంది అల్లుడూ, అల్యూమినియానికి గ్యాస్ మంట పెడతావా?"

"ఇనుమే నా మాట వింటది మామా. ఇదెంత?"

"ఇనుము మర్యాద గలది. కాలితే ఎర్రగయ్యి చెప్తాది. ఇది చెప్పదు. తెల్లగా నవ్వతా ఉండి ఒక్కసారి కాళ్ల మీద పడతాది. ముందు దాని మీద సబ్బుతో గీత రుద్దుకో. ఆ గీత నల్లబడిందంటే వేడి చాలు."

"సబ్బు నీళ్లు పోసుకునేదానికి మామా."

ఈ జవాబు అప్పుడు నాకు చాలా గొప్పగా అనిపించింది.

పెట్టెలోని గేర్లు ఊడదీసి మంట పెట్టాను. చూడటానికి నూరుమంది చేరారు. బావ ముక్కాలి పీట మీద, అన్నం క్యారియరు పట్టుకుని బావతో వచ్చిన అక్క గుమ్మంలో.

"ఎర్రగయిందా?" అన్నాడు బావ.

"ఇంకా లే."

"మొన్న మా గేటు ఇంతసేపట్లో రెండుసార్లు ఎర్రగయింది గదా."

"ఇది సముద్రం సరుకు బావా. ఉప్పు నీళ్లు తాగి మొండికేసింది."

"ఒరే, అది చెమట పట్టినట్టు మెరుస్తాంది" అంది అక్క.

"అట్ల మెరిస్తే మంచిదే అక్కా. దారికొస్తాందని గుర్తు."

మంట పెంచాను. పెట్టె పెళ్లిచూపుల్లో పిల్లలాగా కొంచెం తల వంచింది. ఎరుపు కోసం నేను ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాను. మరుక్షణం విస్తట్లో పాయసం ఒంపినట్టు మొత్తం జారి నా చెప్పు పక్కన పడింది. పగులు పోయింది, అది నిజం. పగలడానికి పెట్టె ఉంటే కదా.

మస్తాన్ మామ తన దుకాణంలోకి పోయి, సబ్బు బిళ్ల తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇప్పుడు చేతులు కడుక్కో అల్లుడూ."

బావ తిట్టినా బాగుండేది. ఆ ముద్దనే చూస్తూ భుజం తడుముకున్నాడు. "సోమారం వేట బామ్మర్దీ" అన్నాడు మెల్లగా.

అంత పాత మోటారుకు అట్లాంటి పెట్టె ఎక్కడా దొరకలేదు. సోమవారం తెల్లారేసరికి తెడ్డు నా చేతిలో ఉంది. షాపుకు తాళం వేసి ఆ వేటకాలమంతా నేనే పడవ నడిపాను. బావ వెనక కూర్చుని కాలితో నా నడుము మీద తట్టేవాడు. ఒకసారి తడితే కుడికి, రెండుసార్లు తడితే ఎడమకు.

పక్క పడవల వాళ్లు ఊరుకుంటారా?

"ఏసోబన్నా, కొత్త ఇంజను ఎన్ని హెచ్‌పీ?"

"ఒక బామ్మర్ది పవరు. డీజిలు అక్కర్లే, సంగటి పెడితే చాలు. శబ్దమే కొంచెం ఎక్కువ."

ఆ తెడ్డు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. కాలినా ఎర్రబడని వస్తువును ఈ జన్మలో ముట్టను. నేటికీ పొయ్యి మీది అన్నం గిన్నె దించాలంటే మా ఆవిడనే పిలుస్తాను. మాట మీద నిలబడే మనిషినని ఆమె ఇంతవరకు ఒప్పుకోలేదు.

ఇక కల్పించిన సంగతి. గొర్రెలు గిద్దలూరు పోలేదు, గట్టు మలుపు దాకా పోయి ఆగాయి. చూడవచ్చింది నూరుమంది కాదు, ఆరుగురు. వాటిని మీరు ఎప్పుడో తీసేసి ఉంటారు. మీరు తీసేయనిది ఒకటుంది. ఆరోజు బావ మోటారును గోనెసంచిలో కట్టుకుని, ఒంగోలులో అల్యూమినియం పని తెలిసిన వాడి దగ్గరికి పోతూ, బస్సుకు ఇంకా టైముందని నా షాపు ముందు ఆగాడు.

చేతులు పట్టుకుని బతిమాలింది నేను.