నాయన తట్టి చూసిన నేల

మా పెరట్లో ఏ మొక్క నాటాలన్నా ముందు నాయన గడ్డపారతో నేలను తట్టాలి. మా ఊరి బంగారు గనిలో పనిచేసినన్నాళ్లూ ఆయనకు అదే అలవాటు. షిఫ్టు మొదలవగానే తలపైనున్న బండను కడ్డీతో తట్టి, చెవి పెట్టి వినేవాడట. ఖంగుమంటే గట్టి బండ. డొల్లగా మోగితే దాని కింద ఎవరూ నిలబడకూడదు. గనులు మూతపడి ఇన్నేళ్లయినా ఆ తట్టడం మాత్రం మానలేదు. "బంగారం తగిలిందా నాయనా?" అని నేను ఎగతాళి చేసేదాన్ని. పట్టించుకునేవాడు కాదు. ఈమధ్య పిలిచినా పలకడం తగ్గించాడు. వయసుతో పాటు పొగరు కూడా పెరిగిందనుకున్నాను.

మొన్న వానాకాలం మొదట్లో అమ్మ పక్కూరు బేతమంగళ నుంచి కనకాంబరం నారు తెచ్చింది. పన్నెండు మొక్కలు. తడి గోనెగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చింది. స్నానాల గది వెనక నాటాలని ఆమె కోరిక. నాయన నాలుగు చోట్ల తట్టి, "గట్టిగా ఉండాది. నాటుకో" అన్నాడు. వంటింట్లో కుక్కరు కూతల మధ్య ఉన్న నాకు ఆ మాట ఒక్కటే వినిపించింది.

మొక్కలు ఏపుగా పెరిగాయి. ఎన్ని బిందెలు పోసినా నీళ్లు నిలిచేవి కావు. బురద లేదని నేను సంబరపడ్డాను. ఎంత తెలివితక్కువదాన్ని! కాళ్ల కింద ఎన్ని సొరంగాలున్నాయో వింటూ పెరిగినదాన్ని, ఆ నీళ్లు ఎటు పోతున్నాయని ఒక్కసారైనా అడగలేదు. సాయానికి వెళితే అమ్మ రానిచ్చేది కాదు. "నీ పని చూసుకో పో" అని తరిమేది. పూల మీద అంత పిసినారితనమేమిటని నవ్వుకునేదాన్ని.

నాలుగు నెలలు గడిచాయి. ఒక పొద్దున అమ్మ పూలు కోస్తూ, ఒడి నిండిపోయి, గిన్నె కోసం వంటింట్లోకి వచ్చింది. గిన్నె ఆమె చేతికి ఇస్తుండగా వెనక నుంచి చప్పుడు. పెద్దదేం కాదు, బియ్యం మూట దించినట్టు. పరుగెత్తి చూస్తే కనకాంబరాలు లేవు. మంచం పట్టేంత గుంత ఉంది. లోపల చీకటి. అంచున ఒక్క మొక్క వేళ్లతో వేలాడుతోంది. దూరం నుంచే ఒక రాయి విసిరాను. అది అడుగున పడిన చప్పుడు రాలేదు.  అమ్మ ఆ గిన్నె కోసం రాకపోయి ఉంటే అన్న మాట ఇప్పటికీ నా మనసులో కూడా పూర్తి కాదు.

నాయన గడ్డపార తీసుకుని వచ్చాడు. "పోవద్దు!" అని అరిచాను. వెనక్కి కూడా చూడలేదు. గుంతకు ఇవతల, గోడ వారన తట్టాడు. ఖాళీ డ్రమ్మును కొట్టినట్టు మోగింది. గోడ అవతలి వాళ్లకు కూడా వినిపించి ఉంటుంది. నాయన తల వంచి, శ్రద్ధగా విన్నాడు.

"ఈడ గట్టిగానే ఉండాది" అన్నాడు.

పరుగున వెళ్లి ఆయన చెయ్యి పట్టి ఇవతలికి లాగేశాను. "నీకు వినపడలేదా నాయనా?" అంటే ఆయన నా పెదాల వంక చూశాడు. పొగరు కాదు, మా నాయనకు చెవులు పోయాయి. ఒకే ఇంట్లో ఉంటూ నాకు తెలియనే తెలియదు.

ఆయన్ను ముందుగదిలో కూర్చోబెట్టి, పెరటి తలుపుకు గొళ్లెం పెట్టి, వంటింట్లోకి వచ్చాను.

"నాయనకి వినపడదని నీకు తెలుసునా?"

"రెండేండ్లయింది పాపా."

"తెలిసీ ఆయన చెప్పిన చోటే నాటితివా? బుద్ధుందా నీకు?"

అమ్మ ఒడిలోని పూలు గిన్నెలో పోసింది. "ఆ చెవిని నమ్ముకునే కదా గనిలోకి దిగినోళ్లంతా పైకి వచ్చినారు. ఇంగ నీకు చేతకాదప్పా, పక్కకి పో అని నేను యెట్ల చెప్పేది?"

నాకు అప్పుడు అనుమానం వచ్చింది. "ఆ రోజు తట్టినప్పుడు చప్పుడు నువ్వు విన్నావా?"

"విన్నాను. డొల్లగానే మోగింది. ఇంత పని అవుతుందనుకోలేదు. అయినా మిమ్మల్ని ఎవుర్నీ ఆ పక్కకి రానీలేదు గదా."

 నాలుగు నెలలు ప్రతి పొద్దునా ఆ నేల మీద మా అమ్మ ఒక్కతే నిలబడింది.