లైట్ తీస్కో

హైటెక్ సిటీ కోసం మాదాపూర్‌లో బండలు పేలుస్తున్న రోజులవి. దగ్గర్లోనే మా ల్యాబ్. పేలుడు వినపడినప్పుడల్లా నా మైక్రోస్కోప్ వణికేది, దాంతోపాటు నేనూ. కాకినాడ నుంచి పీహెచ్‌డీకి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

రెండు గీతలు మరీ దగ్గరగా ఉంటే ఎంత మంచి కటకానికైనా ఒకటిగానే కనిపిస్తాయి. అది వెలుగు స్వభావం పెట్టిన హద్దు. దాన్ని దాటాలంటే వెంట్రుకంత గాజు పోగును సూదిలా చేసి, అల్యూమినియం పూత వేసి, కొసన కంటికి ఆనని రంధ్రం వదలాలి. అందులోంచి వెలుగు పంపి, గీతలకు దాదాపు ఆనించి చూడాలి. చిక్కల్లా ఏమిటంటే, పంపిన వెలుగు దారిలోనే హరించుకుపోతుంది. రంధ్రం దాటేది పిసరంత. సరిపోవడం లేదని నేను లేజర్ పెంచేదాన్ని, పూత వేడెక్కి ఊడిపోయేది. అలా పదకొండు సూదులు తగలేశాను.

సోమవారానికల్లా రెండు గీతలు విడివిడిగా చూపించకపోతే ఈ పని వదిలేసి వేరే అంశం చూసుకోమన్నారు మా గైడ్. మిగిలింది ఒక్క సూది.

ఆ సూదులు చేసేది బాచుపల్లి నుంచి వచ్చే టెక్నీషియన్ గారు. పదో తరగతితో చదువు ఆగిన మనిషి. పోగును ఆమ్లంలో ముంచి, గడియారం వైపు చూడకుండానే సరిగ్గా సమయానికి తీసేవారు. నేను చేస్తే మొద్దులొచ్చేవి. ఆ చేతులంటే నాకు అసూయ, భక్తి రెండూనూ.

శనివారం నా ముఖం చూసి, "ఏంది బిడ్డా, గంత పరేషాన్? లైట్ తీస్కో," అనేసి స్కూటరెక్కి వెళ్లిపోయారు.

లేజర్ వెలుగులోంచి కొంత తీసెయ్యమనా? నాకు ఒళ్లు మండింది. ఉన్న వెలుగే చాలక నేను చస్తుంటే, ఇంకా తగ్గించుకోమంటాడేమిటీయన? కానీ సూది గురించి ఆయనకన్నా తెలిసినవారు ల్యాబ్‌లో లేరు. ఆదివారం పేలుళ్లు లేవు. లేజర్‌ను పదో వంతుకు దించాను. వెలుగు తక్కువ కదా, ఒక్కో చుక్క దగ్గర చాలాసేపు ఆగి పోగుచేశాను. పూత ఊడలేదు. సాయంత్రానికి తెరమీద రెండు గీతలు, మధ్యలో నల్లటి సందు. ఏడుపొచ్చేసింది.

సోమవారం టెక్నీషియన్ గారు తెర మీదికి వంగి చూశారు.

"ఎట్ల చేసినవ్ బిడ్డా?"

"మీరే చెప్పారు కదండీ, లైట్ తీసుకోమని. లేజర్ తగ్గించాను."

ఆయన స్టూలు మీద కూలబడి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు. "ఫికర్ చెయ్యకు, దిగులు పెట్టుకోకు అన్న తల్లీ నేను! మా దిక్కు గట్లనే అంటరు."

పదకొండు సూదులు కాల్చినా నన్ను ఒక్క మాట అనని మనిషి ఆయన. వెలుగు తగ్గించడం నాకు ఆ ఆదివారమే వచ్చింది. ఆయన నిజంగా చెప్పింది మాత్రం నాకు ఇప్పటికీ చేతకాలేదు.