కోన్రాడ్ కోటు

న్యూరెంబర్గ్ క్రిస్మస్ సంతలో రోస్విటా ఎర్ల్ చేతికి చిక్కని మనిషి ఆ వరసలో లేడు. ఆమె అమ్మేది ఎండు ప్లమ్ పళ్ళ బొమ్మలు. తీగకు పళ్ళు గుచ్చి కాళ్ళూ చేతులూ చేస్తుంది. పొట్టకు అంజీరపండు, తలకు అక్రోటు కాయ. ఆ కాయ మీద కుంచెతో నాలుగు గీతలు గీసి, గుడ్డముక్కతో బట్టలు కట్టేసరికి అది ఎవరో ఒకరైపోతుంది. వాళ్ళమ్మ కాలంలో పోస్టుమేన్ బొమ్మ అంటే ఏదో ఒక పోస్టుమేన్, అంతే. రోస్విటాకు అది చాలలేదు. ఆమె చేసిన పోస్టుమేన్‌ని చూస్తే ఆ వీధికొచ్చే మనిషే గుర్తొస్తాడు, వంకర నడకతో సహా.

ఏటా సంతకు ఒక కొత్త బొమ్మ చేయడం, చుట్టుపక్కల కొట్లవాళ్ళు దాని చుట్టూ మూగి ఎవరో పోల్చుకోవడం, బొమ్మకెక్కిన మనిషికి అందరూ కలిసి వేడివేడి ద్రాక్షసారా పోయించడం అక్కడి ఆనవాయితీ. సాసేజిలు కాల్చే వెండెల్‌ని ఒక ఏడాది రెండు అంజీరపళ్ళ పొట్టతో చేసింది. వాడు పడీపడీ నవ్వి, తన బొమ్మను తనే కొనుక్కుని పొయ్యి పైన వేలాడదీసుకున్నాడు. అందుకే రోస్విటా తన వెటకారాన్ని వెటకారం అనుకోలేదు. అదొక ముద్దు అనుకుంది, పెట్టించుకున్నవాళ్ళకు గొప్ప అనుకుంది. మెచ్చుకునేవాళ్ళు చుట్టూ ఉంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

ఆ ఏడు సంత మొదలైనా కొత్త బొమ్మ లేదు. ఎవరూ ఆమె కంటికి ఆనలేదు.

"ఏమ్మా రోస్విటా, చెయ్యి మొద్దుబారిందా? మళ్ళీ నన్నే చెయ్యి పోనీ. పొట్ట ఇంకో అంజీరపండు పెరిగింది" అన్నాడు వెండెల్.

"నీ పొట్టకు సరిపడా పళ్ళు టర్కీలో కూడా పండలేదట" అని నోరు మూయించింది గానీ, ఆ మాట ఆమెను లోపల గుచ్చింది.

ఆమె కొట్టుకు ఎదురుగా, నాలుగడుగుల అవతల, బాబెట్ త్సెల్ట్నర్ కొట్టు. తేనె, లవంగం, దాల్చినచెక్క వేసి కాల్చిన రొట్టెలు అమ్ముతుంది. ఇద్దరూ పెళ్ళికాక ముందునుంచీ ఎదురెదురు కొట్లలోనే నిలబడ్డారు. బాబెట్ భర్త కోన్రాడ్ ఆగస్టులో పోయాడు. ఈసారి ఆమె ఒక్కతే వచ్చింది, ఆయన ఆకుపచ్చ ఉన్నికోటు వేసుకుని. అది మడమల దాకా జీరాడుతోంది. చేతులు రెండు మడతలు పెట్టినా వేళ్ళు బయటికి రావడం లేదు. మాటిమాటికీ కోటు చేతిని ముక్కు దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళు మూసుకుని, రుద్దుకుంటోంది.

"చూశావా, మళ్ళీ తుడిచింది! కోటు చేతికే! ఊళ్ళో రుమాళ్ళకు కరువొచ్చిందా ఏంటి?" అన్నాడు వెండెల్ గొంతు తగ్గించి.

"ఊరుకో, మొగుడు పోయిన మనిషి" అంది రోస్విటా. అన్నది గానీ ఆమె కళ్ళు అప్పటికే కొలతలు తీసుకుంటున్నాయి.

ఆ రాత్రి ఇంట్లో కూర్చుని చేసింది. పాత కంబళి ముక్కతో పొడుగుకోటు కుట్టింది. రెండో గుండీ ఊడిపోయి ఉండాలి, బాబెట్ కోటుకు అలాగే ఉంది గనక. ఒక చెయ్యి పైకెత్తి ముక్కుకు అతికించింది. అక్రోటు మీద మూసిన కళ్ళు, ముడుచుకున్న మూతి. అంత బాగా కుదిరిన బొమ్మ తన జన్మలో చేయలేదని ఆమెకే అనిపించింది. వెండెల్ చూసి కింద కూలబడి మరీ నవ్వాడు. "చీమిడమ్మ!" అన్నాడు. ఆ పేరే స్థిరపడింది. పెట్టినవి పెట్టినట్టు అమ్ముడుపోతుంటే రోస్విటా రోజూ ఇంటికెళ్ళి మళ్ళీ చేసుకొచ్చింది.

అయితే వాటిని ఎదుటి కొట్టుకు కనపడని పక్కచెక్కకు వేలాడదీసింది. ఈసారి ఎవరూ ఎవరికీ ద్రాక్షసారా పోయించలేదు. నవ్వులాటే అయితే దాచడం ఎందుకు? ఈ ప్రశ్న రోస్విటాకు తట్టలేదని కాదు. తట్టింది, పక్కకు నెట్టేసింది.

బాబెట్ మాత్రం ఎప్పటిలాగే పొద్దున్నే కాగితంలో రొట్టెముక్కలు చుట్టుకుని వచ్చేది. "విరిగినవేలే, తిను. నీకోసం కావాలని విరగ్గొడతాననుకుంటావేమో, అంత సీన్ లేదు నీకు" అనేది. రోస్విటా పక్కచెక్కకు వీపు అడ్డం పెట్టి నిలబడి అందుకునేది. బాబెట్ అటు తిరగగానే కాగితంతో సహా బల్ల కింద పెట్టేసేది. తన మీద తనకే రోత పుట్టేది. మళ్ళీ ఎవరైనా వచ్చి "ఆ కోటావిడ బొమ్మ ఉందా?" అంటే చెయ్యి దానంతటది పక్కచెక్క వైపు పోయేది.

ఒక మధ్యాహ్నం ఇద్దరు డచ్చి ఆడవాళ్ళు వచ్చారు, సంతలు చూడటానికే ఊరూరూ తిరిగే రకం. వాళ్ళు చీమిడమ్మను కొని, తలెత్తి ఎదుటి కొట్టు చూసి, సంబరంగా కేకేశారు. "అదుగో ఆవిడే! అచ్చం ఆవిడే!"

"వద్దండీ, ఆవిడకు బేరాల వేళ" అంది రోస్విటా. ఆ మాట పూర్తయ్యేలోపు వాళ్ళు దాటేశారు. నాలుగడుగుల దూరం. అక్కడి మాటలు వినపడకుండా ఉండాలంటే చెవుల్లో దూది పెట్టుకోవాలి.

"చీమిడమ్మ అంటే మీరే కదండీ? మీతో ఒక ఫోటో దిగుతాం."

"ఏ అమ్మ?" అంది బాబెట్.

"ఇదిగో, మీ బొమ్మ. పేరు ఆ సాసేజీల ఆయన చెప్పాడు." పాపం వాళ్ళకు ఆ మాటకు అర్థం తెలీదు. ఏ సంతదేవతో అనుకున్నట్టున్నారు.

బాబెట్ బొమ్మను అరచేతిలో పెట్టుకుని చూసింది. కోటు చూసింది, లేని గుండీ చూసింది, ముక్కుకు అతికిన చెయ్యి చూసింది. "బాగా చేసింది. గుండీ కూడా మర్చిపోలేదు" అంది. వాళ్ళిద్దరి మధ్యా నిలబడి ఫోటోకు నవ్వింది కూడా. వాళ్ళు వెళ్ళాక ఒక్కసారి రోస్విటా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే రోస్విటా బతికిపోయేది. తప్పు చేస్తూ పట్టుబడ్డ మనిషిలా చూసింది బాబెట్. సిగ్గుపడాల్సిన రోస్విటా ఏదో వెతుక్కుంటున్నట్టు బల్ల కిందికి దూరి, రొట్టెముక్కల పొట్లాల మధ్య చాలాసేపు అలాగే ఉండిపోయింది.

మర్నాడు బాబెట్ ఒంటి మీద కోటు లేదు. పాత స్వెట్టరు, పైన శాలువా. రొట్టెముక్కలూ రాలేదు. రోస్విటా చీమిడమ్మలన్నిటినీ పీకి సంచిలో కుక్కింది.

"ఏమ్మా, చీమిడమ్మ ఏదని జనం నన్నడుగుతున్నారు" అన్నాడు వెండెల్.

"నోర్ముయ్ వెండెల్. ఆ పేరు పెట్టింది నువ్వే."

"పెట్టాను. నువ్వు చెయ్యబట్టే పెట్టాను." వాడి మొహంలో కూడా నవ్వు లేదు.

నాలుగడుగులు దాటడానికి రోస్విటాకు మూడు రోజులు పట్టింది. ఏమని దాటాలి? సరదాకు చేశాననా? ఎవరి సరదాకు? నీ మీద ప్రేమతో అనాలా? ప్రేమైతే పక్కచెక్కకు ఎందుకు తగిలించింది? ఏ మాట ఎత్తుకున్నా అది తన మీదికే తిరిగొచ్చింది. నాలుగో రోజు మంచు పడింది. బాబెట్ వేళ్ళు చలికి కొంకర్లుపోయి, పట్టుకున్న రొట్టెల బుట్ట జారి బోర్లాపడింది. అది చూశాక రోస్విటా తన కోటు విప్పి పట్టుకుని ఎదుటి కొట్టుకు పోయింది.

"వేసుకోవే. చచ్చిపోతావు చలికి."

"వద్దులే. నీ కోటు వేసుకుంటే ఈసారి నన్ను ఏం చేసి అమ్ముతావో" అంది బాబెట్, రొట్టెలు ఏరుకుంటూ. గొంతులో దెప్పు కూడా లేదు.

రోస్విటా మంచులోనే కూర్చుని తనూ ఏరసాగింది. "తప్పయిపోయింది బాబెట్. ఏం చెప్పుకోవాలో కూడా తెలీడంలేదు. బొమ్మలన్నీ తీసేశాను. ఇంక చెయ్యను. నీ కోటు నువ్వు వేసుకో. నీకు దణ్ణం పెడతాను, వేసుకో."

"వేసుకోవచ్చు. ఇంట్లోనే ఉంది. ఆ రోజే ఉతకడానికి చలువకు వేశాను, నిన్న వచ్చింది."

"చలువకా? ఎందుకు?"

"జనం అలా అనుకుంటున్నారని తెలిశాక మురికిగా ఉందేమో అనిపించింది. సిగ్గేసింది." బాబెట్ ఒక రొట్టె మీది మంచు తుడిచింది. "ముక్కు తుడుచుకోవడం కాదే అది. కోన్రాడ్ పైపు కుడిచేత్తో పట్టుకునేవాడు కదా. కోటు కుడిచేతికి ఆయన పొగాకు వాసన ఉండేది. ఇంట్లో అన్నీ ఉతికేశాను, అదొక్కటే మిగిలింది. ఇప్పుడు దానికీ సబ్బు వాసనే వస్తోంది."

ఎవరో కొనడానికొచ్చి బల్ల మీద తట్టారు. "వస్తున్నానండీ" అంటూ లేచి బాబెట్ రొట్టెలు తూచడానికి వెళ్ళింది. రోస్విటా తన కోటు ఒళ్ళో పెట్టుకుని, వచ్చేపోయేవాళ్ళ కాళ్ళకు అడ్డంగా, ఆ మంచులోనే కూర్చుండిపోయింది.