ఛాస్‌తో చల్లబడ్డ దేవత

మొన్న ఆదివారం మా అమ్మాయి, దాని కాలేజీ స్నేహితులు కలిసి మా హాల్లో ఒక దేవుణ్ని చంపేశారు. నిజం దేవుణ్ని కాదు లెండి, బల్ల మీద ఆడే కథల ఆటలో దేవుణ్ని. ఒకరు కథ నడిపిస్తారు, మిగిలినవాళ్లు తలా ఒక వీరుడి వేషం ఎత్తుకుంటారు, వేసిన దెబ్బ తగిలిందో లేదో పాచికలు తేలుస్తాయి. మనిషి రూపంలో భూమికి దిగిన ఆ దేవుడికి మా అమ్మాయి బోలెడంత ప్రాణం పోసి, నోట్లో నిప్పు కూడా పెట్టి పంపితే, ఈ పిల్లలు చాయ్ చల్లారేలోపే ఆయన్ను పడగొట్టి ఇల్లెగిరిపోయేలా కేకలు పెట్టారు. వెంటనే ఇంటర్‌కమ్ మోగింది. పక్క ఫ్లాటు వాళ్లకు ఇబ్బందిగా ఉందట, కాస్త చప్పుడు తగ్గించుకోమన్నాడు వాచ్‌మన్. సరే బాబూ అని పెట్టేశాను గాని, సూరత్ పర్వత్ పాటియాలోని ఈ మేడ మీంచి నా మనసు నేరుగా డిండోలిలోని పాత గల్లీలోకి జారిపోయింది.

ఈ ఆటను తమ తరమే కనిపెట్టిందని మా అమ్మాయి నమ్మకం. పెళ్లికాని రోజుల్లో మేమూ ఆడామంటే నవ్వి ఊరుకుంటుంది. మన ఈడు వాళ్లు మీరైనా నమ్మండి. ఏ ఇంజనీరింగు కుర్రాడు వదిలించుకున్నాడో గాని, రద్దీ దుకాణంలో, అంటే పాత కాగితాల కొట్లో, బొమ్మలున్న ఒక లావుపాటి ఇంగ్లిషు పుస్తకం నాకు దొరికింది. నాకొచ్చిన ఇంటర్ ఇంగ్లిషుతో అర్థమైంది ఉంచుకుని, కానిచోట నా సొంతం కలిపి ఆట తయారుచేశాను. అందులో చెప్పిన రకరకాల పాచికలు మాకెక్కడివి, పచ్చీసు గవ్వలతో సరిపెట్టుకున్నాం. వీరులుగా నూలు అయిపోయిన కండెలను నిలబెట్టాం. నేతలో తప్పు పడ్డ గుడ్డ మీద గళ్లు గీస్తే అదే మా రాజ్యం. వారానికోసారి సాంచాలు, అంటే మా మరమగ్గాలు, బంద్ ఉండే రోజున మా తమ్ముడూ నేనూ మేనమామ కూతురూ ఆటకు కూర్చుంటే అన్నం మాటే గుర్తుండేది కాదు.

మమ్మల్ని ఊరి నుంచి సూరత్ తెచ్చి పనిలో పెట్టింది ఆ మేనమామే. సాంచాలు బాగుచేయడంలో ఆయన చేతికి తిరుగులేదు. ఆ చప్పుళ్ల మధ్య ఏళ్ల తరబడి అరిచి అరిచి ఆయన గొంతు ఎట్లా తయారైందంటే, కూరలో ఉప్పు అడిగినా గల్లీ చివరి ఇంటికి వినిపించేది. దేవుడంటే ఆయనకు వల్లమాలిన భక్తి, ఓడిపోవడమంటే వల్లమాలిన కోపం. ఒకసారి పచ్చీసులో అత్త చేతిలో ఓడి, గవ్వలన్నీ మోరీలో విసిరేసి, అన్నం మీద కూడా అలిగిన మనిషి.

ఆయన కూతురంటే నాకు ప్రాణం. ఆ పిల్లకూ నేనంటే ఇష్టమేనని అత్తకు తెలుసు, తమ్ముడికి తెలుసు, గల్లీలో కుక్కలకూ తెలుసు. మామ మాత్రం ఏమీ ఎరగనట్టు ఊళ్లో వేరే సంబంధం చూసి, వచ్చే వారం వెళ్లి ఖాయం చేసుకొస్తానన్నాడు. అత్త ఉండబట్టలేక నా పేరెత్తితే, దేవుళ్లను కొట్టే ఆట ఆడేటోనికి పిల్లనెట్ల ఇస్తనని మండిపడ్డాడట. అంతటితో ఊరుకోక, రేపు సాంచాలు బంద్ కదా, ఆ ఆట సంగతేందో తానే కూర్చుని ఆడి తేలుస్తానని కబురు పంపాడు.

నా గతి ఆలోచించండి. ఆటలో ఆ వారం నేను భూమికి దించబోయేది ఒక దేవతను, ఆమెతో తలపడబోయేది మామను. దేవత ఓడితే అపచారం, మామ ఓడితే ప్రళయం. ఎటు తిరిగినా పిల్ల నాకు దక్కదు. పుస్తకం తిరగేస్తే దేవతకు ఎంత బలమివ్వాలో, ఏ ఆయుధానికి ఎంత దెబ్బ తగలాలో మహా వివరంగా రాసుంది గాని, మామలాంటి వాడు ఆటకొస్తే ఏం చేయాలో ఎక్కడా లేదు.

సాంచా ముందు నిలబడి అదే ఆలోచిస్తుంటే మా పెద్దమ్మ గుర్తొచ్చింది. దేవత మనిషి రూపంలో రావడం పుస్తకం రాసినవాళ్లకు వింత గాని మనకేం వింత? ఊళ్లో ఏటా బోనాలకు పెద్దమ్మ మీదికి అమ్మవారు వచ్చేది. వస్తే ఎవరైనా కర్ర తీసుకున్నారా? ఎందుకు కోపమొచ్చిందని అడిగేవాళ్లు, మావైపు తప్పేముందని వాదులాడేవాళ్లు, వేపాకులతో పసుపునీళ్లు చల్లి, కల్లు సాకగా కాళ్ల దగ్గర పోసి చల్లబరిచేవాళ్లు. ఆమె అడిగింది ఇస్తామని ఒప్పుకుంటే అమ్మవారు దిగిపోయేది, పెద్దమ్మ లేచి వెళ్లి గిన్నెలు తోముకునేది. ఇంకేం, నా దేవతకు ప్రాణం తీసేసి ఆ చోట కోపం పెట్టాను. గుడ్డ మీద చింతగింజల కుప్ప, అదే అమ్మ కోపం. మంచి మాటకో మొక్కుకో గవ్వలు అనుకూలంగా పడితే కొన్ని గింజలు తీయాలి, కుప్ప ఖాళీ అయితే అమ్మ దిగిపోతుంది. దేవత ఓడదు, మామ గెలుస్తాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు మామ స్నానం చేసి బొట్టు పెట్టుకుని మరీ వచ్చాడు. ఆయుధమేం కావాలంటే పానా చాలన్నాడు. ఆటలో గుడి వచ్చేసరికి తన కండె వీరుడి చెప్పులు బయట విప్పించాడు. దేవత మాటలన్నీ నేనే చెప్పాలి గనక, మీసమున్న నన్ను పట్టుకుని తల్లీ తల్లీ అంటూ వాదం మొదలుపెట్టాడు. నేను వానలాపుతానంటే, ఆపితే నీకు బోనమెవరు వండుతరని నిలదీశాడు. గవ్వలు బాగా పడుతున్నాయి, గింజలు తరుగుతున్నాయి, ఆయన గొంతు పెరుగుతోంది. నేనూ ఊపులో కళ్లు తేలేసి, జుట్టు విరబోసుకున్నట్టు తల ఆడిస్తూ హుంకరించాను.

అదే కొంప ముంచింది. దిగుతవా దిగవా తల్లీ అన్న మామ కేక విని, నా మీదికి నిజంగానే అమ్మవారు వచ్చిందని గల్లీ అంతా పరుగెత్తుకొచ్చింది. పక్కింటి ఒడియా వదిన పసుపునీళ్ల బిందె నా నెత్తిన కుమ్మరించింది. మన వాళ్లెవరో సాకకు కల్లేదన్నారు. మందు నిషేధమున్న గుజరాత్‌లో కల్లెక్కడిది? ఇంటి ఓనరు, గుజరాతీ ముసలమ్మ, లోపలికి పోయి లోటా నిండా ఛాస్ తెచ్చి, ఆ మజ్జిగే నా కాళ్ల దగ్గర పోసి దండం పెట్టింది. ఇది ఆట అని చెప్పాల్సిన మామ, జరగుండ్రి జరగుండ్రి అని అందరికీ చోటిచ్చాడు.

కుప్పలో ఒక్క గింజ మిగిలింది. మామ చేతులు జోడించి, ఇంకేం కావాలె తల్లీ, అడుగు, ఇస్తమన్నాడు. నీ బిడ్డను ఫలానా వాడికివ్వమని ఒక్క మాటంటే చాలు, గల్లీ అంతా సాక్షి, అమ్మ అడిగింది కాదనే గుండె మామకు లేదు. ఆ పిల్ల వైపు చూశాను. మొక్కుబడి మేకను అడిగినట్టు నన్ను అడిగావో చూడు అన్నట్టు కళ్లెర్ర చేసింది. నాకూ లోపల భయమే, అమ్మ పేరు చెప్పి అబద్ధమాడితే ఊరుకుంటుందా? తడిసి ముద్దయి గట్టిగా తుమ్మాను.

అప్పుడు మామ వంగి, జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు.

“అమ్మ తీరుగ అడుగకు రా. అమ్మ అడిగితె కాదనే దిక్కు లేదు నాకు. నువ్వే అడుగు.”

అంటే ఆయనకు మొదటి నుంచీ అంతా తెలుసన్నమాట. ముఖం మీది పసుపునీళ్లు తుడుచుకుని, నేనూ మెల్లగా నా గొంతుతోనే అడిగాను.

“నీ బిడ్డను నాకియ్యి మామా. మంచిగ చూసుకుంట.”

మామ కూతురి వైపు తిరిగి, ఏమంటవ్ బిడ్డా అన్నాడు. ఆమె వచ్చి ఆ చివరి చింతగింజ తీసి తండ్రి చేతిలో పెట్టింది. మామ గుప్పిట బిగించి, సాంచాల షెడ్డు దాకా వినిపించే తన పాత గొంతుతో, అమ్మ దిగింది, మనం గెలిచినమని అరిచాడు. గల్లీ అంతా దండం పెట్టింది. ఓనరమ్మ లోటాలో మిగిలిన ఛాస్ నాకే తాగించింది.

మామ ఇప్పుడు లేడు. ఆ పిల్ల మొన్న ఆదివారం కూడా వంటింట్లోంచి, దేవుణ్ని కొట్టేముందు ఏం కావాల్నో అడగరాదే అని కూతుర్ని కేకేసింది. అడిగితే పాయింట్లు రావమ్మా అంది మా అమ్మాయి. పాయింట్ల సంగతి నాకు తెలియదు. పిల్లలు అంత గొంతు చించుకుని అరిస్తే, డిండోలిలో అయితే ఈపాటికి గుమ్మం ముందు బిందెలు బారులు తీరేవి. ఇక్కడ ఇంటర్‌కమ్ మోగింది. దాన్ని పెట్టేశాక కూడా, ఎవరైనా లోటా పట్టుకుని వస్తారేమోనని నేను చాలాసేపు తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.