కిటికీ ఫ్యానూ, రాజురా అత్తమ్మా

ఆ రోజుల్లో చంద్రపూర్‌లో ఎండ ఇప్పటిలా సెల్‌ఫోన్‌లో అంకె కాదు, ఇంటికొచ్చి పీట వేసుకుని కూర్చునే చుట్టం. మా లాల్‌పేట్ క్వార్టర్ల మీద రేకుల కప్పు ఉండేది. మధ్యాహ్నం దాని మీద వాలిన కాకి ఒక్క కాలు కూడా ఆనించలేక, కాలు మార్చి కాలు మార్చి దరువేసేది. ఆ దరువు ఎంత జోరుగా ఉందో విని టైం ఎంతైందో చెప్పగలిగేవాడిని నేను (అబద్ధమైతే నా కాళ్లు కాలిపోను). వంటింట్లో అమ్మ పొయ్యి ముట్టించకముందే అన్నం సగం ఉడికేది, మిగతా సగం అమ్మ కోపానికి ఉడికేది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. బొగ్గు గనిలో కొత్తగా ఉద్యోగం, అదీ గాలి సెక్షన్‌లో. భూమి కింద పనిచేసేవాళ్లకు గాలి సరిగా అందుతుందా లేదా అని కొలిచే సెక్షన్ అది. కొలిచేది మా సారు, ఆయన వెనక దీపం పట్టుకుని నడిచేది నేను. కానీ ఇంట్లో మాత్రం వందల మంది ఊపిరి నా పిడికిట్లో ఉందన్నట్టు మాట్లాడేవాడిని. అన్నం తింటూ కూడా, "గాలికి రెండు తొవ్వలుండాలె అమ్మా, వచ్చే తొవ్వ ఒకటి, పోయే తొవ్వ ఒకటి" అని ఉపన్యాసం ఇచ్చేవాడిని. అదే గనిలో ముప్పై ఏళ్లుగా కప్పుకు దుంగలు నిలబెట్టే మా నాన్న (బాపు అంటాం) మాత్రం మజ్జిగ తాగుతూ కూర్చునేవాడు.

ఆ వేసవిలోనే అక్కకు నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు పుట్టింట్లో చేయడం మాకు ఆచారం. తల్లిగారింట్లో జరగకపోతే నలుగురూ నాలుగు రకాలుగా అడుగుతారు. కానీ అక్కను ఇచ్చింది రాజురా దగ్గర పాత కాపు కుటుంబంలో. వాళ్లది మూరెడు మందం మట్టిగోడల ఇల్లు, లోపలికి అడుగుపెడితే కుండలో దిగినట్టు చల్లగా ఉంటుంది. అక్క అత్తగారికి (మా అందరికీ ఆమె రాజురా అత్తమ్మ) మా రేకుల క్వార్టర్ అంటే మొదటి నుంచీ చులకనే. ఒకనాడు బావ వచ్చి, గడప దగ్గరే నిలబడి, చెప్పులు చూసుకుంటూ చెప్పాడు.

"మా అమ్మ ఐతారం వస్తదట అత్తమ్మా. ఇల్లు చూస్తదట. ఉక్కపోసేటట్టుంటే పిల్లను ఈడ ఉంచనంటుంది."

బావ వెళ్లాక అమ్మ చేట పక్కన పెట్టి గోడకు ఆనుకుని కూలబడింది. "తొలి కాన్పు అత్తగారింట్ల ఐతదా నా బిడ్డకు? రేపు నా ముఖం ఎవలకు చూపియ్యాలె?" అంది. బాపు కూలర్ తెద్దామన్నాడు. మా వీధి నల్లాలో నీళ్లు వచ్చేది అరగంట, కూలర్ తాగేది రెండు బర్రెలంత. అప్పుడు నేను లేచి, చొక్కా సరిచేసుకుని, ఈ వంశంలో గాలి గురించి చదువుకున్నవాడు ఒకడున్నాడని గుర్తుచేశాను. "కిటికీ ఫ్యాను పెడత. ఐతారం నాటికి ఈ ఇల్లు రాజురా కంటే చల్లగైతది. నాది జిమ్మ" అని పూచీ పడ్డాను. అమ్మ నన్ను చూసిన చూపులో నమ్మకం కన్నా గత్యంతరం లేకపోవడమే ఎక్కువ ఉంది గాని, నేను దాన్ని నమ్మకంగానే తీసుకున్నాను.

మొదటి జీతం జేబులో పెట్టుకుని గోల్ బజార్‌కు వెళ్లాను. "కాయ్ పాయిజే భావూ?" అని శేట్ ఏం కావాలో అడిగితే, "హవా" అన్నాను గంభీరంగా. ఆయన మూడు ఫ్యాన్లు ముందు పెట్టాడు. ఒకటి చిన్న ప్లాస్టిక్‌ది, తిరుగుతుంటే జలుబు చేసిన పిల్లిలా గురగురమనేది. రెండోది మీట నొక్కితే గాలిని లోపలికి తోసేది, మళ్లీ నొక్కితే బయటికి గుంజేది. ఇలా పూటకో మనసున్న యంత్రాన్ని నా ఇంట్లో పెట్టనన్నాను (గని ఫ్యానును కూడా అవసరమైతే ఎదురు తిప్పుతారని నాకు తర్వాత రెండేళ్లకు తెలిసింది). మూడోది ఓ మూల, దుమ్ము కింద, ఇనుప రెక్కలతో ఎద్దు మెడంత ఇరుసుతో కూర్చుని ఉంది. దాన్ని చూడగానే మా ఇద్దరి చూపులు కలిశాయి.

"అది దాల్ మిల్లుది భావూ," అన్నాడు శేట్ సగం తెలుగులో, "ఇంట్ల పెడితే ఇల్లు లేస్తది."

"నడిపించుండ్రి" అన్నాను. గనిలో గాలి ఎటు పోతుందో చూడాలంటే చిటికెడు రాతిపొడి చల్లి చూస్తాం. జేబులో పొట్లం ఉంది. చల్లాను. ఫ్యాను ఆ పొడిని గుంజుకుని, అటువైపు నిలబడ్డ శేట్ ముఖానికి ఒక్క రేణువు వృథా కాకుండా అప్పగించింది. తెల్లటి ముఖంలో రెండు కళ్లు మాత్రం నన్ను చూస్తున్నాయి. "ఇదే ఇయ్యిండ్రి" అన్నాను. ఆయన గొడవపడకుండా కట్టించాడు, నేను త్వరగా వెళ్లిపోవడమే ఆయనకు లాభమనిపించి ఉంటుంది.

దాన్ని ముందుగది కిటికీలో, వరండా వైపు గాలి ఊదేలా బిగించడానికి రెండు రోజులు పట్టింది. ఊచలు తీశాను, చట్రం తీశాను, కొంచెం గోడ కూడా తీశాను. "కిటికీ పెద్దగ చేస్తున్నవా, ఇల్లు చిన్నగ చేస్తున్నవారా?" అన్నాడు బాపు. మీట వేయగానే క్యాలెండర్ గోడ వదిలింది, దండెం మీది బనీను ఎగిరి రెక్కల జాలీకి అతుక్కుంది. నేను కమాండర్‌లా నడుముకు చేతులు పెట్టుకుని చూశాను. ఇక గాలి వచ్చే తొవ్వ ఒక్కటే ఉండాలి కదా. మిగతా కిటికీలకు, వెనక తలుపు సందులకు మైదా గంజితో కాగితాలు అంటించి, వంటింటి కిటికీ ఒక్కటి తెరిచి ఉంచాను. ఇంట్లో అన్నిటికన్నా వేడి వంటింట్లోనే కాబట్టి కొత్త గాలి అక్కడినుంచే రావాలన్నది నా సిద్ధాంతం. ఆ కిటికీ అవతల చేయి చాస్తే అందేంత దూరంలో పక్కింటి మరాఠీ కాకూ పెరడు ఉంది. ఆ సంగతి సిద్ధాంతంలో లేదు.

ఆదివారం రాజురా అత్తమ్మ వచ్చింది. వెనక బావ, నిండు కడుపుతో అక్క. అత్తమ్మ కుర్చీలో కూర్చుని, కొంగుతో మెడ తుడుచుకుని, మా రేకుల వైపు జాలిగా చూసింది. నేను మీట వేశాను. గాలి వచ్చింది. అత్తమ్మ పైట అంచు కదిలింది. "ఊఁ... గాలైతే వస్తుంది" అంది, ఒప్పుకోవడం ఇష్టం లేనట్టు. అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి సంతోషంతోనే అనుకున్నాను, రెండో నిమిషంలో నా కళ్లలోనూ తిరిగేదాకా.

సరిగ్గా ఆ పూటే కాకూ సంవత్సరానికి సరిపడా మసాలా కోసం పెరట్లో ఇనుప పెనం మీద ఎండుమిరపకాయలు వేయించడం మొదలుపెట్టింది. దాల్ మిల్లు ఫ్యాను తన ధర్మం తాను చేసింది. ఒక్క పొగ తీగ కూడా దారి తప్పలేదు. అన్నీ వరసగా వంటింటి కిటికీలోంచి దూరి, నట్టింట్లో అత్తమ్మ ముందు హాజరయ్యాయి. అమ్మ తుమ్మింది, బావ తుమ్మాడు, గోడ మీది బల్లి తుమ్మి కింద పడింది (నేను చూశాను). అక్క కడుపు పట్టుకుని దగ్గసాగింది. "బిడ్డను బయటికి తీస్కపోరా!" అని అమ్మ అరిచింది. అత్తమ్మ తడుముకుంటూ లేచింది.

"ఇల్లు చూడనీకి వస్తే, చూడనీకి కండ్లే లేకుంట చేసిండ్రు గదనే! లే బిడ్డా, పోదాం పా!"

ఇంతలో కాకూ గరిటెతో సహా ప్రత్యక్షమైంది. ఆమె ముఖం వెలిగిపోతోంది. "అగ బాయీ! గీ యాడాది నాకు ఒక్క దగ్గు రాలే! పొగ ఎటు పోతుందా అనుకున్న. మీరు తీస్కుంటుండ్రా?" అని నాకు కృతజ్ఞతలు చెప్పింది. నా ఫ్యాను గొప్పతనాన్ని ఆ రోజు మొదట గుర్తించింది ఆమెనే.

అప్పటిదాకా మూల కూర్చున్న బాపు లేచాడు. "ఫ్యాను మంచిగనే గుంజుతుందిరా," అన్నాడు ముక్కు తుడుచుకుంటూ, "గనిల గాలి ఏ దిక్కుకెల్లి తెస్తరు? పొగున్న దిక్కుకెల్లి తెస్తరా?" వంటింటి కిటికీ మూసేశాడు. వెనక తలుపుకు నేను అంటించిన కాగితాలు ఒక్క గుంజుతో చింపాడు. అటు ఉత్తరం దిక్కు. అమ్మ బాసండ్లు తోమే జాగా, పైన సొరపాదు పందిరి, ఎప్పుడూ తడినేల. అప్పుడు నాకు కూడా బుద్ధి వెలిగింది. గనిలో గాలిని మళ్లించడానికి గోనెపట్టా తెరలు కడతాం కదా! రెండు గోనెసంచులు విప్పి, బిందెడు నీళ్లలో ముంచి, తలుపుకు వేలాడగట్టాను. మొదటిసారి బాపు నాకు మేకు అందించాడు, నేను కొట్టాను.

అత్తమ్మ అప్పటికే గడప దగ్గర ఉంది. ఒక కాలు చెప్పులో, ఒక కాలు బయట. తడి గోనె వాసనతో చల్లటి గాలి ఇంటినిండా సాగి వచ్చి ఆమె మెడ వెనక తాకింది. ఆమె ఆగింది.

"అమ్మా, పోదామా?" అన్నాడు బావ.

"జర ఆగురా. చెప్పు తియ్యనీ."

వచ్చి కూర్చుంది. ఐదు నిమిషాలకు గడ్డం గుండెల మీద వాలింది. తర్వాత మొదలైన గురక దాల్ మిల్లు ఫ్యాను చప్పుడును మింగేసింది. మేమందరం చుట్టూ నిలబడి ఆ గురకను పరీక్షా ఫలితంలా విన్నాం. అమ్మ కాకూకు వేలితో సైగ చేసి మాట్లాడొద్దంది. అక్క నా చేయి గట్టిగా పట్టుకుంది. చాలాసేపటికి అత్తమ్మ లేచి, కళ్లు నులుముకుని, "ఛాయ్ పెట్టు వదినా" అంది. తాగింది. కప్పు కింద పెట్టింది.

"పిల్లను ఉంచిపోత" అంది. అమ్మ దేవుడి ఫొటో వైపు తిరిగి దండం పెట్టబోయింది. "ఊకె కాదు. కాన్పయ్యేదాక నేను గూడ గీడనే ఉంట. మా ఇంట్ల గింత గాలి ఏడున్నది?"

అమ్మ దండం సగంలో ఆగిపోయింది.

అత్తమ్మ వానలు పడేదాకా ఉంది. గోనె తెరకు ఎదురుగా, ఇంట్లోకెల్లా చల్లని జాగా ఆమెదే. ఆ తర్వాతి జాగా అక్కది, మేనకోడలు పుట్టాక ఆ ఉయ్యాలది, ఆ తర్వాత అమ్మది, బాపుది, చేటలతో సహా వచ్చి కూర్చునే కాకూది. పురుడు ఉన్న ఇంట్లో మగపిల్లగాడికి పనేమిటని నన్ను వరండాలోకి నెట్టారు. మొదటి షిఫ్టు దిగి వచ్చి, ఫ్యాను నోటి కిందే మంచం వేసుకుని సాయంత్రం దాకా పడుకునేవాడిని. ఇంట్లోంచి గుంజిన వేడంతా నా మీదే పోసేది అది. ఆ వేడిలో సాంబ్రాణి పొగ, పసిపిల్ల ఒంటి నూనె వాసన, పులుసు తాలింపు, అత్తమ్మ గురక అన్నీ కలిసి వచ్చేవి. చెమటతో మంచం నులక తడిసిపోయేది. దారిన పోయేవాళ్లు "లోపల జాగ లేదారా?" అని అడిగితే, "ఫ్యాను మంచిగ నడుస్తుందా లేదా చూస్తున్న" అనేవాడిని.

ఇప్పుడు నా పడగ్గదిలో ఏసీ ఉంది, దుప్పటి కప్పుకుని మరీ పడుకుంటాను. ఒక్కోసారి ఆ వరండాలోని పిల్లగాడు గుర్తొస్తాడు. బనీను పిండితే చెంబెడు చెమట, ముఖాన చంద్రపూర్ జిల్లానంతా చల్లబరిచినంత గర్వం. జర పక్కకు జరిగి పడుకోరాదా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వాడు జరగడు. ఆ ఫ్యాను తెచ్చింది వాడు మరి.