పర్వతాలు సీసా మూత

కండక్టర్ పర్వతాలు లెక్కలో లోకంలో రెండే రకాల మనుషులు. పుదీనా పువ్వు తైలం రాయించుకున్నవాళ్లు, ఇంకా రాయించుకోవలసినవాళ్లు.

పుదీనా పువ్వంటే మొక్కకు పూసేది కాదు, పుదీనా నూనె నుంచి తీసే తెల్లటి పలుకులు. ముద్ద కర్పూరం, వాము పువ్వు జతచేసి సీసాలో వేస్తే చుక్క నీళ్లు పోయకుండానే మూడూ కరిగి తైలమైపోతాయి. ఆ సీసా ఎప్పుడూ పర్వతాలు ఖాకీ చొక్కా జేబులోనే. మూత తీశాడంటే వెనక సీటు నుంచి ముందు అద్దం దాకా ఘాటు కొట్టేది. సికింద్రాబాద్ నుంచి సీతాఫల్‌మండి వెళ్లే ఆ బస్సును జనం నంబరు చూసి కాదు, వాసన చూసి ఎక్కేవారు.

"యాడికి పెద్దాయనా?"

"సీతాఫల్‌మండి."

"తల నొస్తుందా?"

"లేదు బిడ్డా."

"మొహం సూస్తే నొస్తున్నట్టే ఉన్నది. జెర ఇటు తిరుగు."

తైలం ముందు, టికెట్ తర్వాత. వాంతి వచ్చేలా ఉంటే వాసన, మోకాలు పట్టేస్తే మర్దన, దోమ కుడితే చుక్క. పసిపిల్లల దగ్గర మాత్రం సీసా జేబులోంచి బయటికి తీసేవాడు కాదు. "గంత చిన్న ముక్కులు తట్టుకోవు, ఊపిరాడదు" అనేవాడు. అతని వైద్యంలో పథ్యమంటూ ఉన్నది అదొక్కటే. ఓసారి నడిదారిలో బస్సు మొరాయిస్తే, "ఇంజన్‌కు సుత జెర రాద్దామా అన్నా?" అని అడిగాడు.

ఈ ఘాటంతా ఏళ్ల తరబడి పీల్చినవాడు డ్రైవర్ విజయేందర్. "నీ మందుతోని రోగం పోతదా పర్వతాలు?" అని రోజూ దెప్పేవాడు.

"రోగం సంగతి డాక్టర్ సూస్కుంటడన్నా. మనం పెడితే సల్లగైతది. సల్లగైతే సగం తక్లీఫ్ పోయినట్టే గద!"

ఒకనాడు ఆస్పత్రి స్టాపులో జగదాంబ అనే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఎక్కింది. బస్సంతా ఆమెనే చూస్తోంది. పర్వతాలు ఒక రుమాలు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కళ్లకు అద్దుకుని బావురుమంది.

"మాఫ్ చెయ్ అక్కా! మందు జెర ఎక్కువైంది!" అంటూ పర్వతాలు చెంపలేసుకున్నాడు. జనం నవ్వి తల తిప్పుకున్నారు. ఆమె దిగేదాకా నిమ్మళంగా ఏడ్చుకుంది.

"ఆడమనిషిని ఏడిపిస్తవేందయ్యా!" అని విజయేందర్ ముందు నుంచి కేకలేశాడు.

ధర్మరాజు డ్రైవర్ రిటైరైన నాడూ ఇదే తంతు. పూలదండ పడగానే మనిషి వెక్కి వెక్కి ఏడ్చి, పర్వతాలు రాసిన మందు కళ్లలో పడిందన్నాడు. విజయేందర్ పడీపడీ నవ్వాడు. "నా రిటైర్మెంట్ నాడు నా కంట్ల ఒక్క చుక్క కనవడితే డిపో మొత్తానికి బిర్యానీ తినిపిస్తా" అని మీసం మెలేశాడు.

ఆ రోజు రానే వచ్చింది. ఆఖరి ట్రిప్పు ముగించి విజయేందర్ బస్సును డిపోలో ఆపాడు. చుట్టూ అందరూ దండలతో, ఫోన్లతో వీడియోకు సిద్ధంగా నిలబడ్డారు.

"బిర్యానీ ఏ హోటల్ల చెప్పినవన్నా?" అని మెకానిక్ లక్ష్మణ్ అరిచాడు.

విజయేందర్ నవ్వి ఇంజన్ ఆపాడు. అంతే, ఆ చప్పుడు ఆగిపోయింది. తన అరచేతికే అరిగి నున్నబడ్డ గేరు రాడ్డు మీంచి చెయ్యి లేవడం లేదు. కళ్లు నిండాయి. ఇంకొక్క క్షణమైతే ఇన్నేళ్ల మీసం పరువు పోయేదే.

"అన్నా, తల నొస్తున్నట్టుంది!" అంటూ పర్వతాలు వెనక నుంచి ఉరికొచ్చి రెండు కళ్ల కిందా వేళ్లు రుద్దేశాడు. "అయ్యయ్యో! కండ్లల్ల వడ్డది! మాఫ్ చెయ్ అన్నా!"

"దిమాగ్ ఉందా నీకు? ఇయ్యాల సుత గిదే లొల్లా!" అని డిపో అంతా పర్వతాలు మీద పడింది. ఆ సందట్లో విజయేందర్ స్టీరింగ్ మీద తల ఆనించి కరువుదీరా ఏడ్చాడు.

ఏడుస్తూనే ఒక సంగతి గమనించాడు. కళ్ల కింద చల్లదనం లేదు, మంట లేదు, వాసన అసలే లేదు. తలెత్తి చూస్తే పర్వతాలు జేబులో సీసా మూత బిగించింది బిగించినట్టే ఉంది. జగదాంబ ఏడ్చిన నాడూ ముందు అద్దం దాకా ఘాటు రాలేదు. ధర్మరాజు ఏడ్చిన నాడూ అంతే. నవ్వులో, కోపంలో తనకే ఆ ధ్యాస లేకపోయింది. పర్వతాలు మీద ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

విజయేందర్ ముక్కు తుడుచుకుని కిందికి దిగాడు. "పదుండ్రి, బిర్యానీ తిందాం."

"గిది లెక్కల రాదన్నా, మందుతోని వచ్చినయి గద!" అన్నాడు లక్ష్మణ్.

"వస్తదో రాదో, తినుడైతే తినుండ్రి!"

అందరూ కేరింతలతో ముందు నడిచారు. విజయేందర్ వెనక్కి తగ్గి పర్వతాలు భుజం మీద చెయ్యి వేశాడు.

"తమ్మీ, ఇప్పుడు మూత తియ్యి. ఏడ్సి ఏడ్సి నిజంగనే తల నొస్తుంది."